పెంపుడు జీవికీ తప్పని కరవు: మొదట తగ్గేది టీకా ఖర్చే

న్యూఢిల్లీ: వీధి కుక్కలన్నింటినీ పట్టి ఆశ్రయ కేంద్రాలకు తరలించాలని ఢిల్లీ, దాని పరిసర ప్రాంతాల అధికారులను సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం 2025 ఆగస్టు 11న ఆదేశించింది. పదకొండు రోజులు తిరగకముందే త్రిసభ్య ధర్మాసనం ఆ ఉత్తర్వును సవరించింది. సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకా పూర్తయిన కుక్కలను పట్టిన చోటనే తిరిగి విడిచిపెట్టాలని, రేబిస్ సోకినవాటిని, సోకిందన్న అనుమానం ఉన్నవాటిని, దూకుడు స్వభావం గలవాటిని మాత్రం విడువరాదని స్పష్టం చేసింది. విద్యాసంస్థలు, ఆస్పత్రులు, బస్ స్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తొలగించాలంటూ నవంబరు 7న మరో ఉత్తర్వు వెలువడింది. జంతు ప్రేమికులకు, కుక్కకాటు బాధితులకు మధ్య దేశమంతటా వాదోపవాదాలు చెలరేగాయి.

ఈ రభసలో దాదాపు ఎవరూ పట్టించుకోని అంశం ఒకటి ఉంది. వీధిలో కనిపించే కుక్కలన్నీ వీధిలో పుట్టినవి కావు. ఒకప్పుడు ఇంట్లో పెరిగి, పేరు పెట్టి పిలిస్తే పలికి, ఆ ఇంటికి కష్టం వచ్చినప్పుడు బయటకు వచ్చినవి కూడా వాటిలో ఉన్నాయి. వీటి సంఖ్యను ప్రభుత్వం విడిగా లెక్కించదు. 2019లో జరిగిన 20వ పశుగణన దేశంలో వీధి కుక్కలు కోటీ 53 లక్షలని తేల్చిందే తప్ప, అవి వీధికి ఎలా చేరాయన్నది పశుగణన పరిధిలోని విషయం కాదు.

ఉద్యోగం పోవడం, ఇంటి పెద్దకు శస్త్రచికిత్స జరగడం, వ్యాపారం దెబ్బతినడం వంటి ఆపద ఏది వచ్చినా మధ్యతరగతి కుటుంబం ఖర్చులను ఒక వరుసలో తగ్గించుకుంటుంది. పిల్లల ఫీజు, ఇంటి అద్దె, బ్యాంకు వాయిదా ఆఖరుదాకా నిలుస్తాయి. కుక్కకు రేషన్ కార్డు ఉండదు కనుక దాని వంతు ముందే వస్తుంది. దాని ఖర్చులోనూ మొట్టమొదట ఆగేది ఏడాదికొకసారి వేయించవలసిన టీకా. టీకా వేయించకపోయినా మర్నాడు ఉదయం కుక్క యథాప్రకారం తోక ఆడిస్తూనే ఉంటుంది. నష్టం కంటికి కనిపించదు. తర్వాత సంతాన నిరోధక శస్త్రచికిత్స వాయిదా పడుతుంది. ఆ తర్వాత చర్మవ్యాధికో, గోమారి జ్వరానికో వైద్యం ఆగుతుంది. తిండి తగ్గేది చివరన. ఆపైన మిగిలింది వీధే. అప్పటికి ఆ జంతువుకు రేబిస్ రక్షణ ఉండదు, సంతానోత్పత్తి శక్తి ఉంటుంది, వీధి బతుకు మాత్రం తెలియదు. ఇంటి ఆర్థిక ఇబ్బంది ప్రజారోగ్య సమస్యగా మారేది ఈ క్రమంలోనే.

దేశంలో 2024లో 37 లక్షల 17 వేలకు పైగా కుక్కకాటు కేసులు నమోదయ్యాయని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. అదే ఏడాది రేబిస్ అనుమానిత మరణాలు 54 అని అధికారిక గణాంకం. వాస్తవంలో ఏటా 18 వేల నుంచి 20 వేల మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ రెండు సంఖ్యల మధ్య గల అంతరమే ఆందోళనకరం. లక్షణాలు బయటపడిన తర్వాత రేబిస్‌కు చికిత్స లేదన్నది తెలిసిందే.

యాభై రూపాయల చట్టం

పెంపుడు జంతువును వదిలివేయడం నేరమన్న సంగతి చాలామందికి తెలియదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, ఆకలి దప్పులతో బాధపడే పరిస్థితుల్లో జంతువును సహేతుక కారణం లేకుండా విడిచిపెట్టడం శిక్షార్హం. తగిన తిండి, నీరు, నీడ కల్పించకపోవడమూ అదే సెక్షన్ కింద నేరమే. అయితే తొలి నేరానికి విధించే జరిమానా కనిష్ఠంగా 10 రూపాయలు, గరిష్ఠంగా 50 రూపాయలు. మూడేళ్ల లోపు మళ్లీ అదే నేరం చేస్తే జరిమానా 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ.

చట్టం వచ్చిన నాడు 50 రూపాయలు చిన్న మొత్తం కాదు. అప్పుడు పది గ్రాముల బంగారం ధర నూట పది రూపాయల ప్రాంతంలో ఉండేది. 1953లో రాజ్యసభలో ఈ విషయమై ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టి, చట్టానికి దారి వేసిన రుక్మిణీదేవి అరండేల్ కాలంలో అది నిజంగా భయపెట్టే జరిమానాయే. ఆరు దశాబ్దాలు దాటినా అంకె మారలేదు. తీవ్రమైన క్రూరత్వానికి 50 వేల నుంచి 75 వేల రూపాయల దాకా జరిమానా, జైలు శిక్ష ప్రతిపాదిస్తూ కేంద్రం 2022 నవంబరులో సవరణ ముసాయిదాను ప్రజాభిప్రాయానికి విడుదల చేసింది. అది అప్పట్లో చట్టరూపం దాల్చలేదు.

అసలు ‘సహేతుక కారణం’ అంటే ఏమిటి? ఆదాయం లేకపోవడం సహేతుక కారణమవుతుందా? చట్టం ఈ ప్రశ్నకు జవాబివ్వదు. జరిమానాను వెయ్యి రెట్లు పెంచినా చేతిలో డబ్బు లేనివాడు కుక్కను చీకటి పడ్డాక ఊరి చివర వదులుతాడే తప్ప అతనికి మరో దారి ఏర్పడదు. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు పెంపుడు జంతువుకు నులిపురుగుల మందు, టీకా, సంతాన నిరోధక శస్త్రచికిత్సల బాధ్యత యజమానిదేనని నిర్దేశించాయి. బాధ్యతను నిర్దేశించినవారు దానిని నెరవేర్చలేని స్థితిలో ఉన్నవాని సంగతి చెప్పలేదు.

రెండు సంక్షోభాలు

ఆర్థిక విపత్తు ఒక ఇంటికే పరిమితం కాక దేశాన్నంతటినీ ముంచెత్తినప్పుడు ఏం జరుగుతుందో ఇటీవలి కాలంలో రెండుసార్లు చూశాం. మొదటిది 2020 మార్చి 25 నుంచి అమలైన లాక్‌డౌన్. ఆ ఏడాది ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో దేశ స్థూల ఉత్పత్తి దాదాపు 24 శాతం పడిపోయింది. ఆదాయ నష్టానికి వదంతి తోడైంది. కుక్కలు, పిల్లుల ద్వారా కరోనా వ్యాపిస్తుందన్న పుకారుతో పలు నగరాల్లో పెంపుడు జంతువులను వదిలివేసినట్లు వార్తలు వచ్చాయి. అందుకు ఆధారాలు లేవని, జంతువులను విడిచిపెట్టవద్దని భారత జంతు సంక్షేమ మండలి విజ్ఞప్తి చేయవలసి వచ్చింది. పశువైద్యశాలలకు ఆంక్షల నుంచి మినహాయింపు లభించినా, అక్కడిదాకా వెళ్లేందుకు వాహనాలు దొరకలేదు. వీధి కుక్కలకు ఆధారమైన హోటళ్లు, కల్యాణ మండపాలు, మాంసం దుకాణాలు మూతపడ్డ సమయంలోనే ఇంటి కుక్కలు కొన్ని వాటి నడుమకు వచ్చి చేరాయి.

రెండో ఉదాహరణ శ్రీలంక. 2022 ఏప్రిల్ 12న విదేశీ రుణాల చెల్లింపును నిలిపివేస్తున్నట్లు ఆ దేశం ప్రకటించింది. మార్చి ఆరంభంలో 200 శ్రీలంక రూపాయల చేరువలో ఉన్న డాలరు మే నాటికి 360కి చేరింది. సెప్టెంబరులో ద్రవ్యోల్బణం దాదాపు 70 శాతానికి, ఆహార వస్తువుల వరకే చూస్తే 95 శాతానికి ఎగబాకింది. మందులు లేక పెరదెనియ బోధనాస్పత్రిలో మనుషులకే ముందుగా నిర్ణయించిన శస్త్రచికిత్సలను మార్చి చివర్లో వాయిదా వేశారంటే పరిస్థితిని ఊహించవచ్చు. దిగుమతి మీద ఆధారపడిన డబ్బా తిండి, టీకాలు సామాన్య కుటుంబానికి ఎంత దూరమై ఉంటాయో వేరుగా చెప్పనక్కరలేదు. పెట్రోలు కోసం రోజుల తరబడి వరుసలో నిలబడిన ఆ నెలల్లో, జబ్బుపడిన జంతువును వైద్యుని వద్దకు తీసుకుపోవడమే ఒక సమస్య.

ఈ రెండు అనుభవాల నుంచి గ్రహించవలసిన విషయం ఒకటుంది. దిగుమతి ఆహారం మీద, ఖరీదైన జాతి మీద ఆధారపడిన పెంపకం మొదటి దెబ్బకే కూలుతుంది. మంచు ప్రదేశాల కోసం పుట్టిన హస్కీని, సెయింట్ బెర్నార్డ్‌ను హైదరాబాద్, విజయవాడ ఎండల్లో ఏసీ గదిలో పెంచుతున్న కుటుంబానికి కరెంటు బిల్లే ఒక పెంపకం ఖర్చు. నాటు కుక్కకు ఆ బాధ లేదు. వాణిజ్య పెంపకం కోసం విదేశీ కుక్కల దిగుమతిని కేంద్రం 2016లోనే నిషేధించినా, మార్కెట్‌లో ఆ మోజు తగ్గలేదు.

ఏది తగ్గించవచ్చు, ఏది కూడదు

చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఆఖరున తగ్గించవలసిన ఖర్చును కుటుంబాలు మొదట తగ్గిస్తున్నాయి. నిజానికి రేబిస్ టీకాకు డబ్బే అవసరం లేని సందర్భాలున్నాయి. లూయీ పాశ్చర్ 1885లో తొలిసారి మనిషికి రేబిస్ టీకా వేసిన రోజైన జూలై 6ను జూనోసిస్ దినంగా పాటిస్తారు. ఆ సందర్భంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేయడం ఆనవాయితీ. సెప్టెంబరు 28న ప్రపంచ రేబిస్ దినాన కూడా పలుచోట్ల ఇటువంటి శిబిరాలు జరుగుతాయి.

మిగతా టీకాల విషయంలో కొంత వెసులుబాటు ఉంది. పిల్లగా ఉన్నప్పుడు పార్వో, డిస్టెంపర్ వ్యాధులకు టీకాలన్నీ సక్రమంగా పడి, ఏడాది నిండాక మరొకటి పడిన కుక్కకు ఆ టీకాలను మూడేళ్లకు ఒకసారి కంటె తరచుగా వేయనవసరం లేదని ప్రపంచ చిన్నజంతు పశువైద్య సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎలుకల మూత్రం ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ టీకా మాత్రం ఏటా కావాలి. ‘డబ్బు ఇబ్బందిగా ఉంది, ఈ ఏడాది ఏది తప్పనిసరి, ఏది ఆగగలదు’ అని వైద్యుని సూటిగా అడగడంలో చిన్నతనమేమీ లేదు. అడగకుండా మానుకోవడం వల్లనే చిక్కు వస్తున్నది.

టీకా పడని కుక్కపిల్లకు పార్వో సోకితే రక్తవిరేచనాలు, వాంతులతో రోజుల తరబడి సెలైను ఎక్కించవలసి వస్తుంది. వైద్యం అందకపోతే ఎక్కువ భాగం మరణిస్తాయి. ఆ కొద్ది రోజుల వైద్యానికయ్యే ఖర్చు టీకాల ఖర్చుకు ఎన్నో రెట్లు. ఆడకుక్కకు గర్భసంచి తొలగించకపోతే వయసు మళ్లాక దానిలో చీము పట్టే జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. అప్పుడు అత్యవసర శస్త్రచికిత్స తప్పదు. ఇక కుక్కలు ఈనితే ఒక్క నోటి స్థానంలో ఐదారు నోళ్లు. గోమార్లను రోజూ చేత్తో ఏరివేయడం, పడుకునే చోటును శుభ్రంగా ఉంచడం అనే రెండు పనులకు పైసా ఖర్చు లేదు, జ్వరాలు మాత్రం చాలావరకు తగ్గుతాయి.

తిండి విషయంలో తగ్గించుకునేందుకు చోటు బాగానే ఉంది. దుకాణంలో అమ్మే కుక్కల, పిల్లుల డబ్బా తిండిని 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు 18 శాతం శ్లాబులో చేర్చారు. పశువైద్యశాలలో అందించే వైద్య సేవకు మాత్రం పన్ను మినహాయింపు ఇచ్చారు. అన్నం, రాగి సంకటి, ఉడికించిన గుడ్డు, కోడి కాలేయం, పెరుగులతో కుక్క హాయిగా బతుకుతుంది. మన పల్లెల్లో తరతరాలుగా కుక్కలు బతికింది ఇంటి తిండి మీదనే. అయితే ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర కలిపిన అన్నం దాని రక్తకణాలను దెబ్బతీస్తుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలకు హాని. ఉడికించిన ఎముకలు చీలికలై పేగుకు గుచ్చుకుంటాయి. పిల్లి సంగతి వేరు. అది స్వభావరీత్యా మాంసాహారి. పాలన్నం, పెరుగన్నం మాత్రమే పెట్టి పెంచితే టారిన్ అనే పోషకం అందక కాలక్రమంలో చూపు, గుండె దెబ్బతింటాయి. చవకరకం చేపలు, మాంసం దుకాణంలో మిగిలే కాలేయం, గుండె ముక్కలు దానికి కావలసింది.

ఖర్చు తప్పించుకునే ప్రయత్నంలో ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు ఒకటి తరచుగా జరుగుతుంది. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్రను జ్వరంతో ఉన్న పిల్లికి వేస్తారు. ఆ మందును విరిచివేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. చిన్న మోతాదు సైతం ప్రాణాంతకం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను పాడుచేస్తాయి. మాత్ర ఖరీదు రూపాయి రెండు రూపాయలే కావచ్చు, ఆ తర్వాతి వైద్యానికి మాత్రం వేలు కావాలి.

ప్రైవేటు క్లినిక్ బిల్లు భరించలేనివారికి ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, విజయవాడలోని ఎన్టీఆర్ పశువైద్యశాల, రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల బోధనాస్పత్రులు ఇటువంటివే. చెన్నై వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల ఆస్పత్రికి సరిహద్దు జిల్లాల తెలుగువారు చాలాకాలంగా వెళుతున్నారు. ముంబయి పరేల్‌లోని బాయి సకర్‌బాయి దిన్షా పెటిట్ జంతు వైద్యశాల పందొమ్మిదో శతాబ్దం నాటిది. అదే నగరంలో టాటా ట్రస్టులు 2024లో అయిదంతస్తుల ఆస్పత్రిని ప్రారంభించాయి. బోధనాస్పత్రుల్లో వేచి ఉండాలి, విద్యార్థులు చుట్టూ మూగుతారు, ఒక పూట పని పోతుంది. జిల్లా కేంద్రాల్లోని సాధారణ పశువైద్యశాలలు గేదెలు, మేకల కోసం ఏర్పడినవి. అక్కడ కుక్కకు ఎక్స్‌రే, రక్తపరీక్ష వంటి సదుపాయాలు అరుదు. ఆంధ్ర, తెలంగాణ సహా పలు రాష్ట్రాల్లో 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార వైద్య వాహనాల ప్రధాన లక్ష్యమూ పాడి పశువులే.

బీమా ఉంది కదా అనవచ్చు. ప్రభుత్వ, ప్రైవేటు బీమా సంస్థలు కొన్ని కుక్కలకు పాలసీలు అమ్ముతున్నాయి. అప్పటికే ఉన్న జబ్బుకు అవి వర్తించవు, ముసలి కుక్కలను తీసుకోరు. ఆపద రాకముందు, ఆదాయం ఉన్న రోజుల్లో చేయవలసిన ఆ ఖర్చుకు మన దేశంలో ముందుకు వచ్చేవారు స్వల్పం. క్రెడిట్ కార్డు మీద, యాప్ అప్పు మీద వైద్యం చేయించి వడ్డీలో కూరుకుపోవడం కంటె, నయం కాని జబ్బని వైద్యుడు నిర్ధారించినప్పుడు నొప్పి లేకుండా సాగనంపడం గురించి ఆయనతో మాట్లాడటమే జంతువు పట్ల కనికరం. ఇది చెప్పడం తేలిక, నిర్ణయించడం కష్టం.

చేతులు మారడం నేరం కాదు

ఎంత తగ్గించుకున్నా సాగని ఇళ్లుంటాయి. అటువంటప్పుడు జంతువును మరొకరి పెంపకానికి ఇవ్వడాన్ని మన సమాజం తప్పుగా చూస్తుంది. ఆ సిగ్గు వల్లనే చాలామంది రహస్యంగా వదులుతారు. కరవు వచ్చినప్పుడు రాయలసీమ రైతు ఎద్దులను గడ్డి దొరికే ఊళ్లోని బంధువుల ఇంటికి తోలి, వానలు పడ్డాక తిరిగి తెచ్చుకోవడంలో సిగ్గుపడలేదు. నగరంలో ఆ ఏర్పాటుకు సమయం కావాలి. టీకా చీటీ చేతిలో ఉన్న, శస్త్రచికిత్స అయిన, ఆరోగ్యంగా ఉన్న కుక్కను తీసుకునేందుకు బంధువులో, స్నేహితులో, పరిచయమున్న క్లినిక్ ద్వారా మరొకరో దొరుకుతారు. డొక్కలెండి, చర్మమంతా పుండ్లు పడ్డాక ఎవరూ ముందుకు రారు. ఆశ్రయ కేంద్రాలు సైతం విరాళాల మీద నడిచేవి. దేశమంతటా గడ్డుకాలం వస్తే విరాళాలు తగ్గుతాయి, తలుపు దగ్గర వదిలివెళ్లే జంతువులు పెరుగుతాయి. కనుక అక్కడికి తీసుకుపోవడాన్ని మొదటి మార్గంగా తలచరాదు.

ప్రభుత్వ పక్షాన కదలిక లేదనలేం. చవకగా జనరిక్ పశువైద్య మందులు అందించే ‘పశు ఔషధి’ విభాగాన్ని పశు ఆరోగ్య పథకంలో చేరుస్తూ కేంద్ర మంత్రివర్గం 2025 మార్చి 5న నిర్ణయం తీసుకుంది. అందుకు 75 కోట్ల రూపాయలు కేటాయించింది. మందుల పంపిణీ సహకార సంఘాలు, పీఎం కిసాన్ సమృద్ధి కేంద్రాల ద్వారా జరగాలన్నది ప్రతిపాదన. ఇవన్నీ రైతు వెళ్లే చోట్లు. అద్దె ఇంట్లో కుక్కను పెంచుకుంటున్న నగర ఉద్యోగి దారి అటు పోదు. కుక్కల వల్ల మనుషులకు వచ్చే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించాలని 2021లో ప్రకటించిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక లక్ష్యానికి మిగిలిన గడువు స్వల్పం.

ఖజానాపై పెద్దగా భారం పడని ఏర్పాటు ఒకటి నగరపాలక సంస్థల చేతిలోనే ఉంది. అనేక నగరాల్లో పెంపుడు కుక్కకు లైసెన్సు పొందాలి, దానిని ఏటా పునరుద్ధరించుకోవాలి, రేబిస్ టీకా ధ్రువపత్రం జతచేయాలి. నిరుడు వచ్చి ఈ ఏడాది రాని యజమాని ఎవరన్నది ఆ రిజిస్టరు చూస్తే తెలుస్తుంది. ఆలస్య రుసుము నోటీసు పంపే ముందు ఫోన్ చేసి, కుక్క ఉందా, టీకా పడిందా, లేకపోతే ఫలానా వార్డులో ఉచిత శిబిరం ఎప్పుడు జరుగుతుంది అని చెప్పేందుకు ఒక గుమాస్తా చాలు.